శనివారం నీళ్లు

ఆగస్టు 24, ఆదివారం

నైట్రేట్ 20. ఫాస్ఫేట్ 0.25. జూలై చివర్లో ఇవే 5, 0.03. ఉప్పదనం, వేడి మామూలుగానే ఉన్నాయి.

వెనక రాతి మీద పచ్చటి నాచు, వెంట్రుకల్లా, అరంగుళం పొడవు. పాత టూత్‌బ్రష్‌తో గీకాను. పోయింది.

ఈ డైరీ చేపల తొట్టి వివరాలకే. ఆఫీసు సంగతులు రాయను.

ఆగస్టు 26, మంగళవారం

పోలేదు. ఇప్పుడు రెండు రాళ్ల మీద ఉంది.

ఉప్పునీటి తొట్టిలో నాచు ఊరికే పెరగదు. దానికి తిండి కావాలి. ఆ తిండి నైట్రేట్, ఫాస్ఫేట్. అవి లోపలికి రావడానికి దారులు రెండే: చేపలకు వేసే మేత, వారం వారం మార్చే నీళ్లు. మేత నేనే వేస్తాను. రోజుకు ఒక చిటికెడు. సిగరెట్లు మానేసి ఈ తొట్టి పెట్టిన ఆరేళ్ల నుంచీ అంతే. నీళ్లు సారయ్య తెస్తాడు. యూసుఫ్‌గూడలో చేపల షాపు అతనిది. శనివారం ఎనిమిదింటికి ఉప్పు కలిపిన నీళ్లు రెండు క్యాన్లు స్కూటర్ మీద తెచ్చి, పాతవి తోడి, కొత్తవి పోసి వెళ్తాడు.

మధ్యాహ్నం మంజూష ఫోన్. నా దగ్గర ట్రైనీగా చేరిన అమ్మాయి. ఇప్పుడు మా పేపర్‌కి ఎడిటర్.

"సర్, సవరణ డ్రాఫ్ట్ పంపాను. చూశారా?"

"నేను రాసింది సరిగ్గానే ఉంది."

"హాస్పిటల్ ఎంక్వైరీ వేరేలా చెప్తోంది సర్. అభిలాష్ ఆ రోజు డ్యూటీలోనే లేడు. అతని పాస్‌వర్డ్ ఇంకొకరు వాడారు."

"వాళ్ల మనిషిని వాళ్లు కాపాడుకుంటున్నారు."

"కాపాడుకుంటే ఉద్యోగం తిరిగి ఇచ్చేవాళ్లు కదా సర్. ఇవ్వలేదు. బయట ఎక్కడికి వెళ్లినా నెట్‌లో పేరు కొట్టి చూస్తున్నారట, మన వార్త వస్తోందట. ఇంకో మాట. మీ నుంచి అసలు ఫోనే రాలేదంటున్నాడు."

"చేశాను. 'వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు' అని వార్తలోనే ఉందిగా."

"సెప్టెంబర్ ముప్పై వరకు మీ కోసం టైమ్ అడిగాను సర్. ఈలోగా సంతకం చేస్తే మళ్లీ డెస్క్‌లోకి వస్తారు. చేయకపోతే నా చేతుల్లో ఉండదు."

ఆఫీసు సంగతులు రాయను అనుకున్నాను. ఇది ఒక్కసారికి. ఏప్రిల్‌లో రాసిన కథనం: పంజాగుట్టలో ఒక ఆసుపత్రి బ్లడ్‌బ్యాంక్ నుంచి రక్తం సంచులు బయటికి పోతున్నాయి. పోయిన మాట ఎవరూ కాదనలేదు. ఎవరి లాగిన్‌తో పోయాయో కంప్యూటర్ ప్రింటౌట్ నా దగ్గర ఉంది. టెక్నీషియన్ అభిలాష్. పేరు వేశాను. నా పద్ధతి ముప్పై ఏళ్లుగా ఒకటే: నోట్‌బుక్‌లో నంబరు రాసుకుంటాను, మాట్లాడాక పక్కన టిక్ పెడతాను, ఎత్తకపోతే ఎన్నిసార్లు చేశానో అన్ని గీతలు గీస్తాను. ఏప్రిల్ నోట్‌బుక్ అలమారాలో ఉంది. అందులో అన్నీ ఉన్నాయి. తీసి చూడాల్సిన అవసరం లేదు.

ఆగస్టు 27, బుధవారం

చవితి. కింద మండపంలో మైకు. నాచు ముప్పావు అంగుళం.

ఆగస్టు 31, ఆదివారం

ఈ వారం రోజూ కొలిచాను. ఫాస్ఫేట్ సోమవారం నుంచి శుక్రవారం దాకా 0.25, కదలిక లేదు. శనివారం సాయంత్రం 0.5.

శుక్రవారానికీ శనివారం సాయంత్రానికీ మధ్య తొట్టిలోకి కొత్తగా వెళ్లింది ఒక్కటే. సారయ్య నీళ్లు.

లైటు రోజుకు తొమ్మిది గంటల నుంచి ఆరు గంటలకు తగ్గించాను. మేత సగం చేశాను. నాచు తినే నత్తలు ఆరు తెచ్చాను. మా ఆవిడ నాగేశ్వరి వాటిని చూసి, "ఇవి కూడా మనింట్లోనే ఉంటాయా?" అంది. అంతకు మించి ఆ తొట్టితో ఆమెకు పని లేదు. మైత్రీవనంలో కోచింగ్ సెంటర్ అడ్మిషన్ల డెస్క్ ఆమెది. తొమ్మిదింటికల్లా అక్కడ ఉండాలి.

సెప్టెంబర్ 6, శనివారం

నడక నుంచి వచ్చేసరికి నాగేశ్వరి తలస్నానం చేసి వంటింట్లో ఉంది. ఈమధ్య శనివారాలు ఒంటిపూట భోజనమే చేస్తోంది. సారయ్య ముందే వచ్చాడు.

"ఇయ్యాల నిమజ్జనం సార్. రోడ్లు బందయితయి, జల్ది పోవాలె." తొట్టి చూసి ఆగిపోయాడు. "అరె! గింత నాచు ఎట్లొచ్చింది సార్? మేత ఎక్కువేస్తున్నరా?"

"సగం చేశాను."

"ఇంట్ల ఇంకెవరన్న ఏమన్న వేస్తున్నరా? జర అమ్మని అడుగుండ్రి."

"ఆమె దాని దగ్గరికే రాదు. నీళ్లలో ఏం కలుపుతున్నావు?"

"ఉప్పు సార్. ఇంకేం కలుపుత? ఆరేండ్ల సంది గదే ఉప్పు." నవ్వాడు. "నత్తలను సుత తెచ్చిండ్రు గద. గవి గుమ్మడికాయలెక్క బలుస్తయి ఇగ."

నాగేశ్వరి అతనికి కాఫీ ఇచ్చింది. గుమ్మం దగ్గర కాస్త నిలబడి లోపలికి వెళ్లింది.

అనుమానం తన మీదికి రాగానే ఇంట్లోవాళ్ల మీదికి తోస్తున్నాడు. ఆసుపత్రుల్లో, మున్సిపల్ ఆఫీసుల్లో, పోలీస్ స్టేషన్లలో ఇదే పద్ధతి. చూసి చూసి ఉన్నాను.

సాయంత్రం ఫాస్ఫేట్ 0.75.

సెప్టెంబర్ 8, సోమవారం

మంజూష మెసేజ్. జవాబు ఇవ్వలేదు.

నాచు పగడం మొదలు దాకా వచ్చింది. ఆ గులాబీ పగడం తెచ్చినప్పుడు బొటనవేలంత. ఇప్పుడు పిడికిలంత.

సెప్టెంబర్ 11, గురువారం

తొట్టికి దుప్పటి కప్పాను. మూడు రోజులు వెలుతురు లేకపోతే నాచు చస్తుంది. చేపలకు ఏమీ కాదు. మేత కూడా బంద్.

హాల్లో దుప్పటి కప్పిన తొట్టి. నాగేశ్వరి దాన్ని చూసి, "ఎవరో పోయినట్టుందండీ ఇంట్లో," అంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

దుప్పటి తీశాను. నాచు పలచబడింది. అయితే అసలు సంగతి అది కాదు.

వెనక రాతికి, అద్దానికి మధ్య తెల్లటి గడ్డ. ఉసిరికాయంత. పట్టకారుతో తీశాను. మెత్తగా, జిగురుగా ఉంది. నిన్న సారయ్య దుప్పటి ఒక మూల ఎత్తి నీళ్లు పోశాడు. సరిగ్గా ఆ మూలే.

కరగని ఉప్పు. నాసిరకం ఉప్పు, తొందర తొందరగా కలిపినది. దొరికింది.

గడ్డను ఆధారంగా ఒక చిన్న డబ్బాలో దాచాను. ఫొటో తీశాను. 10.10కి సారయ్యకు వాట్సాప్: "నీ నీళ్లలో కరగని గడ్డలున్నాయి. ఏమంటావు?" ఫొటో జత చేశాను. జవాబు లేదు.

10.25కి ఉప్పునీటి తొట్టెల గ్రూపులో పెట్టాను. రెండు వందల పన్నెండు మంది సభ్యులు, అందరూ ఈ ఊళ్లో ఇళ్లలో తొట్లు పెట్టుకున్నవాళ్లే. మూడు వారాల కొలతలు, ఫొటో, షాపు పేరు. చివర: "వివరణ అడిగాను. స్పందించలేదు."

వివేక్ అనే సభ్యుడు వెంటనే రాశాడు: "మీరు రాశారంటే ఇంక డౌట్ ఏముంది సర్. నేను కూడా ఆయన దగ్గరే తీసుకుంటున్నా. ఈ వారం నుంచి క్యాన్సిల్." కింద పదిహేడు బొటనవేళ్లు.

డెస్క్‌కి దూరమైన నెలన్నర తర్వాత ఒక పని పూర్తి చేసినట్టు అనిపించింది.

10.50కి సారయ్య వాయిస్ మెసేజ్. వెనక హారన్లు. "సార్, బండి మీదున్న సార్. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఇరుక్కున్న. ఇప్పుడే చూసిన. గట్ల గ్రూపుల ఎందుకేసిండ్రు సార్? ఒక్క ఫోన్ చెయ్యద్దా? ఆరేండ్ల సంది మీ ఇంటికొస్తున్న గద."

వివరణలో ఉప్పు గురించి ఒక్క ముక్క లేదు. గమనించాలి.

సెప్టెంబర్ 17, బుధవారం

ఫాస్ఫేట్ తీసే మందు వేశాను. సీసా మీద రాసినదానికి రెండింతలు. కారణం తెలిశాక ఆలస్యం అనవసరం.

సెప్టెంబర్ 19, శుక్రవారం

పగడం తెల్లబడింది. చచ్చిపోయింది.

మందు వల్ల కాదు. నాచు వల్ల.

సెప్టెంబర్ 20, శనివారం

సారయ్యను రావద్దన్నాను. ఉప్పు వేరే షాపులో తెచ్చి నీళ్లు నేనే కలిపాను, నడకకు వెళ్లే ముందే. పోసేముందు కొలిచాను. ఫాస్ఫేట్ సున్నా. తిరిగి వచ్చాక పోశాను.

సాయంత్రం తొట్టిలో కొలిచాను. 1.0.

కిట్ పాతదై ఉండాలి.

సెప్టెంబర్ 21, ఆదివారం

కొత్త కిట్. 1.0.

సెప్టెంబర్ 23, మంగళవారం

పొద్దున పదింటికి సారయ్య వచ్చాడు. చెప్పకుండా. చేతిలో ఒక క్యాను.

"లోపటికి రావచ్చా సార్?"

క్యాను టేబుల్ మీద పెట్టాడు. "ఇగో, అందరిండ్లల్ల పోసే నీళ్లు. నా కిట్టు వద్దు, మీ కిట్టుతోనే చూడుండ్రి."

చూశాను. సున్నా.

"ఇవి ఇవాళ్టి నీళ్లు," అన్నాను. "ఆ రోజువి కాదు."

"నిజమే సార్. ఆ రోజు నీళ్లు ఇప్పుడు యాడికెల్లి తేవాలె? గని ఆ రోజు నీళ్లే ఇంకో పది ఇండ్లల్ల పోసిన. ఒక్కరింట్ల నాచు రాలే. మీరు వాళ్లల్ల ఎవ్వరినన్న అడిగిండ్రా?"

అడగలేదు.

ఫోన్‌లో నేను పెట్టిన ఫొటో తీశాడు. "గీ తెల్లదాన్ని ఉప్పంటున్నరు. ఉప్పయితే కరగదా సార్? ఒక దినమంత నీళ్లల్ల ఉండి గడ్డలెక్క ఎట్లుంటది? చిన్న పోరగాన్ని అడిగినా చెప్తడు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పదకొండు ఇండ్లుండె సార్ నాకు. ఏడు పోయినయ్. ఎవ్వరు తిట్టలే. మంచిగనే మాట్లాడిండ్రు. పేపర్ సారు రాసిండు గద సారయ్యా, అంటున్నరు. గంతే." లేచాడు. "క్యాను ఉంచుండ్రి. తొట్టికి పనికొస్తయి. చేపలు ఏం చేసినయ్ పాపం."

అతను వెళ్లాక డబ్బా తీశాను. గడ్డ ఎండిపోయి ఉంది. చిన్న ముక్క విరిచి గ్లాసు నీళ్లలో వేశాను. గంట. కరగలేదు. ఇంకో ముక్క సాసర్‌లో పెట్టి, దెబ్బలకు రాసే అయోడిన్ మందు రెండు చుక్కలు వేశాను. ఎనిమిదో తరగతి సైన్సు. పిండి పదార్థమైతే నల్లటి నీలం.

నల్లటి నీలం.

ఏడింటికి నాగేశ్వరి వచ్చేదాకా సాసర్ టేబుల్ మీదే ఉంచాను.

"ఏంటండీ ఇది? సిరా ఒలికిందా?"

"పిండి. తొట్టిలో దొరికింది."

చెప్పులు విప్పుతున్నది ఆగింది. దాచే ప్రయత్నం చేయలేదు.

"గోధుమపిండి," అంది. "శనివారం శనివారం మూడు ఉండలు. మీరు నడకకు వెళ్లినప్పుడు."

"ఎందుకు?"

"మా సెంటర్ పక్కన గుళ్లో పంతులుగారు చెప్పారు. మీకు శని నడుస్తోందట. పదకొండు శనివారాలు చేపలకు వేయమన్నారు. ట్యాంక్‌బండ్ దాకా వెళ్లొచ్చి తొమ్మిదింటికి డెస్క్‌లో ఎలా కూర్చోను? ఇంట్లో చేపల్ని పెట్టుకుని ఊళ్లో చేపలకి వేయడమేంటి అనుకున్నాను."

"అవి సముద్రం చేపలు. పిండి తినవు. అది అక్కడే కుళ్లుతుంది."

"ఆ పసుపు చేప వాసన చూసేది. తింటోందేమో అనుకున్నాను." తొట్టి వైపు చూసింది. "ఆ పచ్చదంతా నా వల్లేనా?"

"నాకు చెప్పాల్సింది."

"మీరు అడిగితేగా? నెల రోజుల నుంచి నీళ్లని అడిగారు, రాళ్లని అడిగారు, ఆ నత్తల్ని అడిగారు. సారయ్య కూడా చెప్పాడు, అమ్మని అడగండి అని. నేను వంటింట్లోంచి విన్నాను. అడుగుతారేమో, చెప్పేద్దామనే కాఫీ పట్టుకొచ్చాను. మీరు తలెత్తలేదు."

"ఈ పరిహారాలూ అవీ నాకు నమ్మకం లేదని తెలుసుగా. అయినా దేనికి? నేను తప్పేమీ రాయలేదు."

ఆమె బ్యాగు కుర్చీకి తగిలించింది. కోపం లేదు గొంతులో. అలసట ఉంది.

"రాయలేదని నేను అనుకుని ఉంటే, పరిహారం దేనికి చేస్తానండీ?"

లోపలికి వెళ్లి కుక్కర్ పెట్టింది.

సెప్టెంబర్ 24, బుధవారం

గ్రూపులో ఆ విషయం అందరూ మర్చిపోయారు. ఇప్పుడు ఎవరో తొట్టికి కొత్తగా తెచ్చిన రొయ్య గురించి మాట్లాడుకుంటున్నారు. మళ్లీ కదిపితే సారయ్య పేరు మళ్లీ నలుగుతుంది. అతనికే నష్టం.

సెప్టెంబర్ 25, గురువారం

నిన్న రాసింది మళ్లీ చదివాను.

గ్రూపులో పెట్టాను: "సారయ్య నీళ్లలో లోపం లేదు. తెల్లటి గడ్డ ఉప్పు కాదు, మా ఇంట్లో వేసిన గోధుమపిండి. నేను పరీక్షించకుండా రాశాను. అతనికి పదిహేను నిమిషాలు కూడా టైమ్ ఇవ్వలేదు. అప్పుడతను బండి మీద ఉన్నాడు."

సాయంత్రానికి నాలుగు బొటనవేళ్లు. వివేక్ రాశాడు: "ఓహ్. పర్లేదు సర్, జరుగుతుంటాయి. నేను ఆల్రెడీ వేరే షాప్‌కి మారిపోయా." అతని తర్వాత రొయ్య ఫొటో.

సారయ్యకు ఫోన్ చేశాను. మొదటిసారికే ఎత్తాడు.

"చూసిన సార్. థాంక్స్. ఫోన్‌ల దాచుకున్న. పోయినోళ్ల ఇండ్లకు తిరుగుత, ఒక్కొక్కరికి చూపించుకుంట. ఇద్దరన్న రాకపోతరా."

"నేనూ వస్తాను."

"మీరెందుకు సార్. పేపర్ సారును ఎంబడి వెట్టుకొని వచ్చిండు, పైరవీ చేపిచ్చిండు అంటరు. వద్దు." పెట్టేసే ముందు అన్నాడు: "అమ్మని ఏమనకుండ్రి."

సెప్టెంబర్ 27, శనివారం

నడకకు వెళ్లలేదు. నాగేశ్వరి ఆరున్నరకు స్టీలు గిన్నెతో హాల్లోకి వచ్చి నన్ను చూసింది.

"ఇది తొమ్మిదోది. ఇంకో రెండున్నాయి. సగంలో ఆపకూడదట."

"ఆటో పిలుస్తాను."

ట్యాంక్‌బండ్ మీద నేను రెయిలింగ్ దగ్గర నిలబడ్డాను. ఆమె మూడు ఉండలు వేసింది. చేపలు కనిపించలేదు. నీళ్లు మా తొట్టికంటే పచ్చగా ఉన్నాయి. తిరిగి వస్తూ ఆటోలో అంది: "ఆ అబ్బాయి ఊరికి వెళ్లిపోయాడా, ఇక్కడే ఉన్నాడా?"

"ఎవరు?"

"తెలియనట్టు అడక్కండి."

సాయంత్రం ఫాస్ఫేట్ 0.75. శనివారం తగ్గడం ఇదే మొదలు.

సెప్టెంబర్ 30, మంగళవారం

ఫాస్ఫేట్ 0.5. నాచు రాతి నుంచి తేలిగ్గా ఊడుతోంది. పగడం ఉన్నచోట తెల్లటి ముద్ర.

పొద్దునే మంజూష మెసేజ్: "సర్, ఇవాళ సాయంత్రం వరకే."

అలమారా తెరిచి ఏప్రిల్ నోట్‌బుక్ తీశాను.

పదిహేడో తేదీ పేజీ. ప్రింటౌట్ నంబరు. సూపరింటెండెంట్ నంబరు, పక్కన టిక్. యూనియన్ నాయకుడిది, టిక్. సెక్యూరిటీ గార్డుది, టిక్. గార్డు చెప్పినది కింద నా అక్షరాల్లోనే ఉంది: "ఆ పాస్‌వర్డ్ అందరికీ తెలుసు సార్, గోడకు రాసి ఉంటది." ఆ మాట వార్తలో లేదు. స్థలం చాలలేదని తీసేశాను. అలాగే గుర్తుంది. ఆ రోజు పేజీలో ఒక ఆభరణాల షాపు ప్రారంభం ఫొటో కూడా వచ్చింది.

పేజీ చివర అభిలాష్ నంబరు. పది అంకెలు, సరిగ్గా ఉన్నాయి. పక్కన టిక్ లేదు. గీత లేదు.

పెన్ను ఆడక అచ్చు మాత్రమే పడిందేమోనని కాగితాన్ని తొట్టి లైటుకు పట్టి చూశాను. లేదు.

ఆ రోజు ఆరున్నరకు పేజీ ప్రెస్‌కు వెళ్లిపోవాలి. "వివరణ కోసం ప్రయత్నించగా" అనే వాక్యం ముందే టైపు చేసి పెట్టుకున్నాను. ఎప్పుడూ అలాగే పెట్టుకుంటాను. ఫోన్ చేశాక అవసరం లేకపోతే తీసేస్తాను. ఆ రోజు తీయలేదు. ఎందుకంటే చేయలేదు.

మంజూష డ్రాఫ్ట్‌లో "కొన్ని పొరపాట్లు దొర్లాయి" అని ఉంది. దాన్ని కొట్టేశాను. గార్డు మాట చేర్చాను. అభిలాష్‌కు ఫోన్ చేయలేదని చేర్చాను. కింద నా పేరు రాశాను. పంపేముందు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. ఐదు నెలలు ఆలస్యమైన పని.

నంబరు మార్చుకుని ఉంటాడనుకున్నాను. ఊరికి వెళ్లిపోయి ఉంటాడని, నా పేరు చూస్తే ఎత్తడని కూడా అనుకున్నాను. ఎత్తకపోతే ఈసారి గీత గీయడానికి పెన్ను చేతిలో పట్టుకున్నాను.

రెండో రింగుకే ఎత్తాడు.